చేతులెన్ని, నోళ్లెన్ని?

మీకూ మీ ఎదురింటాయనకూ జీతం ఒకటే. ఇద్దరిదీ రైల్వే ఉద్యోగం, ఇద్దరూ డోన్‌లోనే కాపురం. నెలాఖరున ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ ఒకేసారి వస్తుంది. అయినా ఆయన ఇరవయ్యో తారీఖున కూడా నిబ్బరంగా బజారుకు పోతాడు. మీరు పదిహేనుకే చేబదులు ఎవరిస్తారా అని చూస్తుంటారు. ఎందుకిలా? మీ ఆవిడ చేతిలో డబ్బు నిలవదనా? మీకు పొదుపు చేతకాదనా?

ఆ మాట మీ మీద మీరే వేసుకునే ముందు ఆయన ఇంట్లో ఎంతమంది సంపాదిస్తున్నారో, ఎంతమంది తింటున్నారో చూడండి. జీతం మనిషికి వస్తుంది. పన్ను కూడా మనిషి మీదే పడుతుంది. ఖర్చు మాత్రం ఇంటికవుతుంది. ఈ మూడూ ఒక కాగితం మీదికి రానంతకాలం మీ ఆదాయమెంతో నిజంగా మీకు తెలియదు. ఈ అధ్యాయంలో ఆ కాగితమే రాస్తాం. ఒక పాత నోటుపుస్తకం, పెన్ను, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. ముందు మీ ఇల్లంటే ఎవరెవరో రాయండి

తేలికనిపిస్తుంది గానీ చాలామంది తప్పు చేసేది ఇక్కడే. జనగణనలోనూ ప్రభుత్వ సర్వేల్లోనూ కుటుంబాన్ని లెక్కగట్టడానికి ఒక పాత పద్ధతుంది. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా ఒక ఇల్లు. రేషన్ కార్డులో పేరుందా, ఇంటి పన్ను ఎవరి పేరున వస్తోంది అన్నవి వేరే సంగతులు.

మరి మీ అమ్మానాన్నలు నాలుగు నెలలు అన్న దగ్గర, నాలుగు నెలలు మీ దగ్గర, నాలుగు నెలలు తమ్ముడి దగ్గర వంతులవారీగా ఉంటున్నారా? అయితే వాళ్లను మీ ఇంట్లో మూడో వంతుగా రాయండి. కొడుకు కర్నూలు హాస్టల్లో ఉంటే పొయ్యి వేరే అయినా ఖర్చు మీదే కాబట్టి వాడు మీ లెక్కలోకే వస్తాడు. పెళ్లై వెళ్లిన కూతురు కాన్పుకొచ్చి ఆరు నెలలుంటే? ఆ ఏటికి ఆమె అర మనిషి, బిడ్డ కూడా అంతే. ఇలా రాస్తుంటే నవ్వొస్తుంది, కానీ రాసి చూడండి.

2. జీతం కాదు, పన్ను పోగా మిగిలేది రాయండి

పే స్లిప్పులో కటింగులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. అందుకే అవన్నీ పన్నులే అనుకుని "ముప్పావు వంతే చేతికొస్తాంది" అని వాపోతుంటాం. వాటిని మూడు రకాలుగా విడదీయండి.

పోయేవి మొదటి రకం. ఆదాయపు పన్ను, వృత్తి పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 15,000 దాటితే వృత్తి పన్ను 150, 20,000 దాటితే 200. అంటే ఏడాదికి 2,400కు మించదు. నెలకు 21,000 లోపు జీతమున్న ఫ్యాక్టరీ పనివాళ్లకైతే ఈఎస్‌ఐ కింద 0.75 శాతం పోతుంది. దానికి బదులు ఇంటిల్లిపాదికీ వైద్యం వస్తుంది.

దాగేవి రెండో రకం. పీఎఫ్, ఎన్‌పీఎస్, జీపీఎఫ్, ఏపీజీఎల్‌ఐ. ఇవి మీ డబ్బే. ఇవాళ చేతికి రాదు, అంతే.

మూడో రకం పాత అప్పులు. సొసైటీ లోను, పండగ అడ్వాన్సు. ఇవి ఎప్పుడో ఖర్చు పెట్టేసినవి.

పన్ను పోగా ఆదాయమంటే మొదటి రకం మాత్రమే తీసేసిన మొత్తం. రెండు, మూడు రకాలను కూడా తీసేసి "నా ఆదాయం ఇంతే" అనుకుంటే ఎదురింటాయనతో మీకు పోలికే కుదరదు. ఆయన లోను కట్టకపోవచ్చు, మీరు కడుతుండవచ్చు.

3. పన్ను శాఖకు మీ ఇల్లు కనబడదు

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తేడా వచ్చేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

2025 బడ్జెట్లో తెచ్చిన కొత్త విధానం శ్లాబుల ప్రకారం 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన 8 దాకా 5 శాతం, 12 దాకా 10 శాతం, 16 దాకా 15 శాతం, 20 దాకా 20 శాతం, 24 దాకా 25 శాతం, ఆపైన 30 శాతం. అయితే పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటు వల్ల కట్టాల్సింది సున్నా. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు.

ఇప్పుడు డోన్‌లో రెండిళ్లు అనుకోండి. రెండిట్లోనూ ఏడాదికి 15 లక్షల రాబడి, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు.

మొదటి ఇంట్లో భర్త ఒక్కడే సంపాదిస్తాడు, లోకో పైలట్. 15 లక్షల్లో 75,000 తీసేస్తే 14.25 లక్షలు. దాని మీద పన్ను 93,750, సెస్సు కలిపితే 97,500. వృత్తి పన్ను 2,400. చివరికి మిగిలేది 14,00,100.

రెండో ఇంట్లో భర్త రైల్వేలో, భార్య ప్రభుత్వ బడిలో. చెరి ఏడున్నర లక్షలు. ఇద్దరికీ ఆదాయపు పన్ను సున్నా. వృత్తి పన్ను మాత్రం ఇద్దరిదీ కలిపి 4,800. మిగిలేది 14,95,200.

రాబడి ఒకటే, పిల్లలూ ఇద్దరిద్దరే. అయినా ఏడాదికి 95,100 తేడా. నెలకు దాదాపు ఎనిమిది వేలు. 

ఎందుకిలా అంటే మన దేశంలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేసే వీలు లేదు. ఫ్రాన్స్‌లో 1945 నుంచీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి ఆదాయాన్ని భాగాలు చేసి పన్ను వేస్తున్నారు. అమెరికాలో కలిసి రిటర్ను వేసే జంటల ఆదాయాన్ని ఇద్దరికీ సగం పంచి పన్ను లెక్కించే పద్ధతి 1948లో వచ్చింది. ఇక్కడ కూడా అలాంటి వీలు ఇవ్వమని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2025 బడ్జెట్‌కు ముందు సూచించింది. ఆ బడ్జెట్లో అది రాలేదు. ఒంటి జీతంతో పిల్లల్ని పెంచుతున్న ఇంటికి ఇది అన్యాయమేనని నా అభిప్రాయం. కానీ అన్యాయమని తెలిసినా మార్చి నెలలో కట్టాల్సింది కట్టాల్సిందే కాబట్టి లెక్కలోకి తెచ్చుకోండి.

ఇంకో అపోహ. "పన్నెండు డెబ్బై ఐదు దాటితే ఒక్కసారిగా అరవై వేలు పోతాయంట, ఇంక్రిమెంటు వద్దని రాసిద్దామా అన్నా?" అని అడిగేవాళ్లున్నారు. వద్దు. 13 లక్షల జీతమైతే పన్ను లెక్కకొచ్చేది 12.25 లక్షలు. శ్లాబుల ప్రకారం 63,750 పడాలి. కానీ 12 లక్షలకు పైన ఉన్న 25,000 కంటే ఎక్కువ పన్ను వేయకూడదన్న వెసులుబాటు ఉంది. సెస్సుతో కలిపి 26,000 కడతారు. ఆ పాతిక వేల జీతం మొత్తం పన్నుకే పోయి, సెస్సు కింద ఇంకో వెయ్యి చేతి నుంచి పడుతుందన్నది నిజమే, కానీ అరవై వేలేమీ ఊడిపోవు.

4. నోళ్లు లెక్కపెట్టండి, కానీ తలల లెక్క వేయకండి

నలుగురున్న ఇంటి ఆదాయాన్ని నాలుగుతో భాగించి తలకింత అని చెప్పడం మన అలవాటు. అది తప్పుదారి పట్టిస్తుంది. ఇద్దరున్నా నలుగురున్నా ఫ్రిజ్ ఒకటే, హాల్లో ఫ్యాన్ ఒకటే, ఇంటద్దె ఒకటే. నాలుగో మనిషికి మొదటి మనిషికైనంత ఖర్చు కాదు.

దీనికి చాలా దేశాల్లో వాడే ఒక సులువైన కొలత ఉంది. ఇంట్లో మొదటి పెద్దమనిషికి 1. ఆపై పద్నాలుగేళ్లు నిండిన ప్రతి మనిషికీ 0.5. అంతకంటే చిన్నపిల్లలకు 0.3. అన్నీ కూడండి. పన్ను పోగా మిగిలిన ఆదాయాన్ని ఆ మొత్తంతో భాగించండి. వచ్చే అంకెను ఈ అధ్యాయం వరకు "ఇంటి బలం" అందాం.

మన రెండిళ్లకూ కూడితే 1 + 0.5 + 0.3 + 0.3 = 2.1. మొదటి ఇంటి బలం 6,66,714. రెండో ఇంటిది 7,12,000.

ఇప్పుడు మూడో ఇల్లు. ఒక టీచరమ్మ. భర్త లేడు. ఇద్దరు పిల్లలు. జీతం ఏడున్నర లక్షలు. ఆదాయపు పన్ను లేదు, వృత్తి పన్ను పోగా 7,47,600. ఆమె ఇంటి కూడిక 1 + 0.3 + 0.3 = 1.6. బలం 4,67,250. రెండో ఇంటి రాబడిలో సగమే అయినా బలంలో సగం కంటే ఎక్కువే ఉంది, మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. బంధువులు "పాపం, సగం జీతం" అంటారు. ఆమె తనను తాను అలా చూసుకోనక్కర్లేదు. అయితే పిల్లాడికి జ్వరమొస్తే సెలవు పెట్టేది ఆమే, బడి నుంచి తెచ్చుకునేదీ ఆమే. ఈ కొలతలో ఆ శ్రమ పడదు. ఒంటరి తల్లులకు వేరే శ్లాబు కూడా మన పన్ను చట్టంలో లేదు.

ఇక నాలుగో ఇల్లు, ఉమ్మడి కుటుంబం. ఇక్కడ అసలు కథ ఉంది. పెద్దన్నది ఏడున్నర లక్షల ఉద్యోగం. తమ్ముడికి హైవే దగ్గర దుకాణం, ఏటికి 3 లక్షలు మిగులుతాయి. నాన్న పేరున వేరుశనగ పొలం, మంచి ఏడైతే లక్ష. మొత్తంలో వృత్తి పన్ను పోగా 11,47,600. తాతా అవ్వా, రెండు జంటలు, ముగ్గురు చిన్నపిల్లలు కలిపి తొమ్మిదిమంది. కూడిక 1 + 2.5 + 0.9 = 4.4. బలం దాదాపు 2,60,800.

వేరుపడితే ఏమవుతుంది? పెద్దన్న ఇల్లు (ఇద్దరు పిల్లలతో) 7,47,600ను 2.1తో భాగిస్తే 3,56,000. తమ్ముడి ఇల్లు (ఒక బిడ్డతో) 3 లక్షలను 1.8తో భాగిస్తే 1,66,700 దగ్గర. తాతా అవ్వలకు లక్షను 1.5తో భాగిస్తే 66,700 దగ్గర.

చూశారా? పెద్దకోడలి గొణుగుడుకి లెక్కలో ఆధారం ఉంది. కలిసి ఉండడం వల్ల ఆమె ఇల్లు ఏడాదికి లక్ష దాకా బలం వదులుకుంటోంది. అలాగే అత్తామామలు "కలిసుండండి నాయనా" అని ఎందుకు బతిమాలుతున్నారో కూడా లెక్కలోనే ఉంది. వేరుపడితే వాళ్ల బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఉమ్మడిలో ఒకే పొయ్యి కాబట్టి కూడిక 5.4 నుంచి 4.4కు తగ్గింది. ఆ మిగులు అందరిదీ. గొడవ దాన్ని ఎవరు ఎంత అనుభవించాలన్న దగ్గరే వస్తుంది.

మీది ఇలాంటి ఇల్లయితే ఏం చేయాలి? వేరుపడాలా వద్దా అని నేను చెప్పను. మాట్లాడుకునేటప్పుడు "మీ వాళ్లు తింటున్నారు" అనే బదులు ఈ కాగితం ముందు పెట్టుకోండి. అవ్వ పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెడితే నెలకు ఎంతవుతుందో కూడా అందులో రాయండి. పెద్దకోడలు వదులుకుంటున్నదాంట్లో పెద్ద భాగం అక్కడే తిరిగి వస్తోందని చాలా ఇళ్లలో తేలుతుంది. తేలకపోతే, పెద్దన్న ఉమ్మడి ఖర్చుకు ఇంతని ఇచ్చి మిగిలింది తన పిల్లల పేరున దాచుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. అది స్వార్థం కాదు.

5. రెండో జీతాన్ని తక్కువ చేయకండి

"వదినా, నీ జీతం పిల్లోణ్ణి చూసుకునే ఆమెకే సరిపోతాందంట గదా, ఇంక ఎందుకు ఈ తిప్పలు?" ఈ మాట వినని ఉద్యోగిని ఉండదేమో.

లెక్క వేద్దాం. ప్రైవేటు బడిలో 18,000 జీతం. వృత్తి పన్ను 150. పిల్లాడిని చూసే మనిషికి 5,000. ఇంటిపనికి 2,000. ఇతరత్రా 1,500. మిగిలేది 9,350. బస్సు ఖర్చు రాయలేదేమంటారా? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. డోన్ నుంచి కర్నూలుకు యాభై కిలోమీటర్ల పైనే. రోజూ ఆ దారిలో పోయివచ్చే ఆమెకు ఇది చిన్న మొత్తం కాదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, పిల్లాడిని చూసే మనిషి జీతాన్ని ఎప్పుడూ భార్య జీతంలోంచే తీసేయడం. పిల్లాడు ఇద్దరికీ పుట్టాడు కదా? ఆ 5,000ను ఇద్దరి జీతాల మీదా పంచి చూడండి, బొమ్మ మారిపోతుంది. రెండోది, ఆ మనిషి ఖర్చు మూడు నాలుగేళ్లదే అని మరచిపోవడం. బిడ్డ బడికి పోయేనాటికి ఆమె జీతం పెరిగి ఉంటుంది, పీఎఫ్ ఉంటే అది పోగై ఉంటుంది. మధ్యలో మానేస్తే తిరిగి అదే మెట్టు దగ్గర మొదలవుతుందన్న నమ్మకం లేదు. మొదటి ఇంటాయన లాగా భర్త జీతం 12.75 లక్షలకు పైన ఉంటే ఇంకో సంగతి. ఆయన ఓవర్‌టైం చేసి తెచ్చే అదనపు రూపాయిలో కొంత పన్నుకు పోతుంది, ఆమె తెచ్చే రూపాయి మొత్తం ఇంటికొస్తుంది.

6. పేర్లు మార్చే ముందు ఆగండి

పై లెక్క చదవగానే మీకు ఒక ఆలోచన వచ్చే ఉంటుంది. "అయితే నా డబ్బు మా ఆవిడ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే సరి!" సరి కాదు. భార్యకు ఊరికే ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది. కోడలికి ఇచ్చినా అంతే, ఇచ్చిన మామ లేదా అత్త ఖాతాలోకే వస్తుంది. మైనరు పిల్లల పేరున వేసిన డిపాజిట్ వడ్డీ, తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారికి కలుస్తుంది. మీ దుకాణంలో భార్య పేరున జీతం రాసుకోవడం మరో పాత ఉపాయం. ఆ పనికి తగిన చదువో నైపుణ్యమో ఆమెకు లేకపోతే అదీ మీ లెక్కలోకే వస్తుంది.

తల్లిదండ్రులకూ మేజరైన పిల్లలకూ ఇస్తే ఇలా కలవదు. అమ్మకు 10 లక్షలిచ్చి ఆమె పేరున డిపాజిట్ చేస్తే వడ్డీ ఆమె ఆదాయమే. వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు. అరవై దాటినవారికి బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటేవరకు టీడీఎస్ కూడా కోయరు. చట్టబద్ధమైన దారి ఇది.

అయితే ఇందులోనూ ఒక మెలిక. ఇచ్చాక ఆ డబ్బు నిజంగానే అమ్మదవుతుంది. ఆమె వీలునామా రాయకుండా పోతే ఆమె పిల్లలందరికీ, నాన్న ఉంటే ఆయనకూ సమానంగా వాటా ఉంటుంది. నామినీగా మీ పేరుంటే బ్యాంకు మీ చేతికిస్తుందేమో గానీ ఆ డబ్బు మొత్తం మీదైపోదు. ఏటా కొన్ని వేల పన్ను మిగుల్చుకోబోయి అక్కచెల్లెళ్లతో కోర్టుకెక్కిన ఇళ్లు రాయలసీమలో తక్కువేం లేవు.

హిందూ అవిభక్త కుటుంబానికి విడిగా పాన్ తీసుకోవచ్చని కూడా ఎవరో చెప్పి ఉంటారు. పిత్రార్జితంగా వచ్చిన ఆస్తుల అద్దెలు, వడ్డీలు గట్టిగా ఉంటే అది పనికొస్తుంది. జీతాన్ని అందులోకి మళ్లించలేరు. 12 లక్షల దాకా సున్నా చేసే రిబేటు కూడా దానికి రాదు. 4 లక్షల మినహాయింపే. పైగా ఆడపిల్లలకూ అందులో సమాన హక్కు. మన రాష్ట్రంలో అది 1985 నుంచి (అప్పటికి పెళ్లికాని వారికి), దేశమంతటా 2005 నుంచి. ఒక ఇంటద్దె కోసం ఇదంతా తెరిస్తే మూయడం కష్టం.

పొలం ఆదాయానికి పన్ను లేదు. కానీ ఉద్యోగి పేరునే పొలం ఉంటే ఆ ఆదాయాన్ని కలిపి శ్లాబు చూస్తారు. పుట్టింటి నుంచి భార్యకొచ్చిన పొలమైతే అది ఆమె లెక్క, భర్త జీతంతో కలవదు.

7. సచివాలయం దృష్టిలో మీ ఇల్లు వేరు

పన్ను శాఖకు ఇల్లు కనబడదన్నాను కదా. సంక్షేమ పథకాలకు మాత్రం ఇల్లే కనబడుతుంది, మనిషి తర్వాత. తక్కువ రాబడి ఇళ్లకు పన్ను కంటే ఇదే పెద్ద తేడా.

డోన్ పట్టణంలో ఒక తల్లిని తీసుకోండి. భర్త చనిపోయాడు. ఇద్దరు బడి పిల్లలు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో నెలకు 9,000. ఏడాదికి 1,08,000. ఎన్టీఆర్ భరోసా కింద వితంతు పింఛను నెలకు 4,000 చొప్పున 48,000. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ఖాతాలో పడేది 13,000, ఇద్దరికీ 26,000. అంతా కలిపి 1,82,000. ఇంటి బలం 1,13,750. ఈ రెండు పథకాలూ లేకపోతే అది 67,500 మాత్రమే. దీపం పథకంలో ఏటికి మూడు సిలిండర్లు అదనం. ఆదాయపు పన్ను ఆమెకు లేదు గానీ బట్టలు, చెప్పులు కొన్నప్పుడు మీరెంత శాతం జీఎస్టీ కడుతున్నారో ఆమె కూడా అంతే కడుతుంది.

ఈ పథకాలకు అర్హత ఎలా చూస్తారు? 2025లో తల్లికి వందనం ఇచ్చినప్పుడు పెట్టిన షరతులు గుర్తుచేసుకోండి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 లోపు ఉండాలి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు. కుటుంబంలో ఎవరూ ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరైన పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవారు కాకూడదు. పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఉంది.

"కుటుంబంలో ఎవరూ" అన్న మాట దగ్గర ఆగండి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ పెళ్లై వేరే కాపురమున్న తమ్ముడి పేరు ఇంకా మీ కార్డులోనే, మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోనే ఉందా? అతను కట్టే పన్ను మీ పిల్లల డబ్బును ఆపేయవచ్చు. నిజంగా వేరే పొయ్యి పెట్టుకున్నవాళ్ల పేర్లు సచివాలయానికి వెళ్లి విడదీయించుకోండి. ఒకే ఇంట్లో తింటూ కాగితం మీద మాత్రం విడిపోవడం వేరే సంగతి. అది మోసం. పట్టుబడితే తిరిగి కట్టాల్సి వస్తుంది.

పీఎం కిసాన్‌కు మళ్లీ వేరే కొలత. అక్కడ కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. ఒకే ఇంట్లో ఉన్న పెళ్లైన అన్నదమ్ములు అక్కడ రెండు కుటుంబాలు. కానీ పొలం ఇంకా నాన్న పాస్‌బుక్కులోనే ఉండి పంపకాలు నోటిమాటగా జరిగి ఉంటే ఏడాదికి పీఎం కిసాన్ 6,000, దానికి తోడు రాష్ట్రం అన్నదాతా సుఖీభవ కింద ఇచ్చే 14,000 ఒక్క కుటుంబానికే వస్తాయి. డోన్ ఇప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రం. పంపకాలను పాస్‌బుక్కుల్లోకి ఎక్కించుకునే పనుల కోసం మునుపటిలా కర్నూలు తిరగాల్సిన అవసరం తక్కువ. వాయిదా వేయకండి.

8. రెండు పొయ్యిల కాపురమా?

జంక్షన్ ఊరు, పైగా హైదరాబాద్–బెంగళూరు హైవే. డోన్ నుంచి ఎంతోమంది ఆ రెండు నగరాల్లో పనిచేస్తూ భార్యాపిల్లల్ని ఇక్కడే ఉంచుతారు. భర్త బెంగళూరులో, ఏడాదికి 7.2 లక్షలు. డోన్‌లో భార్య, తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు. అందరూ ఒక్కచోట ఉంటే కూడిక 2.6. విడిగా ఉంటే ఆయనకు 1, ఇక్కడ 2.1, మొత్తం 3.1. అంటే అదే బతుకు బతకడానికి దాదాపు 19 శాతం ఎక్కువ రాబడి కావాలి.

అందరినీ బెంగళూరు తీసుకుపోతే అద్దె ఎంత పెరుగుతుంది, బడి ఫీజులు ఎంత పెరుగుతాయి? ఆ పెరుగుదల ఈ 19 శాతం కంటే ఎక్కువైతే రెండు పొయ్యిలే మేలు. చాలామంది ఈ లెక్క పెళ్లైన కొత్తలో ఒకసారి వేసి వదిలేస్తారు. పెద్దపిల్ల ఇంటర్‌కు వచ్చాక మళ్లీ వేయాలి.

9. ఇల్లు మారిన ఏడు లెక్క మార్చండి

పెళ్లి, కాన్పు, వేరుకాపురం, చావు, రిటైర్మెంటు. వీటిలో ఏది జరిగినా ఆ నెలలోనే కాగితం తిరగరాయండి.

అందరూ వాయిదా వేసేది ఒకటుంది. పాత పింఛను విధానంలో భర్తకు చివరి జీతంలో సగం పింఛనుగా వస్తుంది. ఆయన పోయాక భార్యకు వచ్చే మామూలు కుటుంబ పింఛను 30 శాతం. మొదట కొన్నేళ్లు ఎక్కువ ఇచ్చినా చివరికి అక్కడికే వస్తుంది. 40,000 వచ్చే ఇంట్లో 24,000 అవుతుంది. ఇంటి బలం లెక్కలో 26,700 నుంచి 24,000కు, తగ్గింపు పదో వంతే. కానీ ఇంటద్దె, కరెంటు, మందులు అంతే ఉంటాయి, బజారు పనులు చేసిపెట్టే మనిషి ఉండడు. ఆమె పేరున ఖాతా, పింఛను పత్రాల్లో ఆమె పుట్టినతేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఆయన ఉండగానే చూసుకోవాలి. కుటుంబ పింఛను పన్ను లెక్కలో వేరే వరుసలోకి పోతుంది. అక్కడ కొత్త విధానంలో 75,000 బదులు 25,000 దాకానే తగ్గింపు.

ఒక్క జీతం మీద నడిచే ఇళ్లవాళ్లు, అంటే మన మొదటి ఇల్లూ మూడో ఇల్లూ, ఇంకో పని చేయాలి. టర్మ్ పాలసీ తీసుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఏజెంటు పాత ప్రీమియం చూపిస్తే అడగండి. నామినీ దగ్గర మైనరు బిడ్డ పేరు రాసేట్లయితే, బిడ్డ తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా అదే ఫారంలో రాయించండి. టీచరమ్మ ఇంట్లో ఆ పేరు అమ్మమ్మదా, మేనమామదా అన్నది ఈ ఆదివారమే కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.